తాళపుచెవి యెవరిచేత నుండవలయును?

నిజామాబాదున 2023 ఆగస్టులో ఐటీ హబ్బు తెరువబడినది. ఇప్పుడు సంస్థలలో నొక్క సర్వరునే పెక్కు యంత్రములుగ విభజించి, ఒకదాని చెరుపు వేఱొకదాని నంటకుండ నడపుట పరిపాటి. ఈ కల్పితయంత్రములనే వర్చువల్ మెషీనులందురు. వానిని విభజించు సాఫ్టువేరు నేది గ్రహింపవలెనో యిపుడు తేల్చుకొనవలసియున్నది.

వీఎంవేరు పనితనమునకు వంక పెట్టలేము. కాని 2023 నవంబరులో బ్రాడ్‌కాం దానిని కొనెను. మఱుసటి మాసముననే శాశ్వత లైసెన్సుల విక్రయము నిలిచి చందా యొక్కటే మిగిలెను. 2024 ఫిబ్రవరిలో ఉచితప్రతి పోయెను. 2025 ఏప్రిలులో మరల నిచ్చిరి. ఇచ్చువారును వారే, తీసికొనువారును వారే. మన సమ్మతి నడిగినవారు లేరు!

బోధనువారి కిది క్రొత్తకథ కాదు. శక్కర్‌నగరు చక్కెర కర్మాగారమున నధికభాగము 2002లో ప్రైవేటుపరమయ్యెను. 2015 డిసెంబరులో మూతపడెను. దానినే నమ్మిన చెఱకురైతు దూరపుమిల్లుల వాకిట నిలువవలసివచ్చెను.

కేవీఎం 2007 నుండి లినక్సు కెర్నెలునందే యున్నది. దానిపై నాధారపడిన ప్రాక్స్‌మాక్సు వియన్నావారిది; స్వదేశి యనలేము. అయినను మూలగ్రంథము బహిరంగము. ఆ సంస్థ రేపు త్రోవ మార్చినను మనప్రతిని మనమే నడుపుకొనవచ్చును, దిద్దుకొనవచ్చును. విండోసు సర్వరు కొన్నవారికి హైపర్-వీ చేతిలోనిదే, కాని యదియు పరులతాళమే.

నేర్చినవాడు లేనిచో నుచితమును ఖరీదగును. కావున డిచ్‌పల్లి విశ్వవిద్యాలయమును, పాలిటెక్నికులును పాతసర్వరుపై కేవీఎం నెక్కించి విద్యార్థులచేతనే నడిపింపవలయును. చందాగడువు సమీపించిన కార్యాలయములు ముఖ్యము గాని యంత్రముల నొకటిరెంటిని ముందు మార్చి, బ్యాకప్పునుండి మరల లేపి చూచి, పిమ్మట తక్కినవానిని తేవలయును.