గ్రామీణ బ్యాంకు చేతులు మారింది.. ఉద్దానంలో ఎస్‌బీఐ, యూనియన్ బ్యాంక్ పోటీలో పైచేయి ఎవరిది?

ఉద్దానంలో బ్యాంకుల లెక్క మారింది. 2025 మే 1 నుంచి శ్రీకాకుళం జిల్లాలోని గ్రామీణ బ్యాంకు ఎస్‌బీఐ గొడుగు కింద నుంచి యూనియన్ బ్యాంక్ గొడుగు కిందకు వచ్చేసింది. బోర్డు మీద పేరే కదా మారింది అనుకోవద్దు. మందస, పలాస, సోంపేట పల్లెల్లో పంట రుణం, డ్వాక్రా రుణం కోసం బ్యాంకు మెట్లెక్కే ప్రతి ఇంటికీ ఇది పట్టించుకోవాల్సిన విషయమే.

అసలేం జరిగిందంటే..

'ఒక రాష్ట్రం, ఒక గ్రామీణ బ్యాంకు' విధానంలో కేంద్రం ఏపీలోని నాలుగు గ్రామీణ బ్యాంకులను కలిపేసింది. చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరితో పాటు శ్రీకాకుళంలో పనిచేసిన గ్రామీణ వికాస్ బ్యాంకు కూడా ఇప్పుడు 'ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు'. వికాస్ బ్యాంకుకు స్పాన్సర్ ఎస్‌బీఐ. కొత్త బ్యాంకుకు స్పాన్సర్ యూనియన్ బ్యాంక్. గ్రామీణ బ్యాంకులో కేంద్రానికి 50, స్పాన్సర్‌కు 35, రాష్ట్రానికి 15 శాతం వాటా ఉంటుంది.

యూనియన్ బ్యాంక్‌కు కలిసొచ్చేదేంటి?

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో విలీనమైంది. దాంతో ముంబై కేంద్రంగా ఉన్న ఈ బ్యాంకుకు ఏపీలో బ్రాంచీలు, ఖాతాదారులు ఒక్కసారిగా దొరికారు. ఇప్పుడు గ్రామీణ బ్యాంకూ తోడైంది. కాగితం మీద చూస్తే బలం బాగా పెరిగినట్టే.

మరి ఎస్‌బీఐ వెనకబడిందా?

అలా అనుకోలేం. దేశవ్యాప్తంగా 22 వేలకు పైగా బ్రాంచీలున్న బ్యాంకు అది. ఉద్దానం నుంచి పొట్ట చేత పట్టుకుని వలస పోయినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా బ్రాంచ్ దొరుకుతుంది. ప్రభుత్వ జీతాలు, పెన్షన్ల ఖాతాలూ దానికి పెద్ద బలం. ఈ ఖాతాల్లో డబ్బుకు బ్యాంకు ఇచ్చే వడ్డీ తక్కువ. అందుకే అప్పులిచ్చేటప్పుడు చేతికి వెసులుబాటు ఎక్కువ.

అసలు పోటీ వడ్డీ దగ్గర కాదు

రూ.3 లక్షల వరకు స్వల్పకాలిక పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోపు కడితే రాయితీ పోను 4 శాతమే. ఏ ప్రభుత్వ బ్యాంకుకు వెళ్లినా ఇంతే. తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణ పరిమితి కూడా 2025 జనవరి 1 నుంచి అందరికీ రూ.2 లక్షలే.

తేడా అంతా టైమ్ దగ్గరే. జీడి పిక్కలు వేసవిలో చేతికొస్తాయి. పలాస వ్యాపారి అప్పుడే సరుకు కొనిపెట్టుకోవాలి. ఆ నెలల్లో అందని రుణం తర్వాత ఇచ్చినా ఉపయోగం తక్కువ. కొబ్బరి రైతుది ఇంకో బాధ. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు చెట్లు పోయినవాళ్లకు కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. వాళ్లకు కావాల్సింది అన్నాళ్లు ఆగగలిగే అప్పు. బ్యాంకు ఆలస్యం చేస్తే జనం వెళ్లేది బంగారు రుణాల కంపెనీకి, లేదంటే వడ్డీ వ్యాపారికి.

చూడాల్సింది ఇదే

యూనియన్ బ్యాంక్ చిన్న అప్పులన్నీ గ్రామీణ బ్యాంకు మీదకు తోసేస్తే ఉద్దానంలో దాని బలం కాగితం మీదే మిగులుతుంది. రెండూ పోటీపడి అప్పులిస్తే మాత్రం ఎస్‌బీఐ కూడా వేగం పెంచక తప్పదు. అప్పుడే రైతుకు లాభం. పైచేయి ఎవరిదో బ్రాంచీల లెక్క చెప్పదు. వచ్చే జీడి సీజన్‌లో ముందుగా అప్పు చేతికిచ్చేది ఎవరో చూస్తే తెలిసిపోతుంది.