అంకె సరే, కారణం ఏదీ?

ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు ఎకనామిక్స్‌లో మాస్టర్స్ వెలగబెడుతున్నాను. అడ్వాన్స్‌డ్ ఎకనోమెట్రిక్స్ తీసుకుంటున్నానంటే ఒక సీనియర్ "జాగ్రత్త బాబూ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇంజనీరింగ్‌లో మాట్రిక్సులు నమిలి మింగినవాళ్ళం, రిగ్రెషన్ అంటే పైథాన్‌లో ఒక్క లైను, మనకేం కష్టం అనుకున్నా.

కష్టం మాట్రిక్సుల్లో లేదని రెండో వారానికే తెలిసొచ్చింది. అంకె రాగానే మన పని అయిపోతుంది. అక్కడ పని అప్పుడే మొదలవుతుంది. "దీన్ని ఎందుకు నమ్మాలి?" అని అడుగుతారు.

మనకి తెలిసిన సంగతే చూడండి. మా ఎంసెట్ రోజుల్లో టీవీ పెడితే చాలు, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ కాలేజీలవాళ్ళు ఊపిరాడకుండా ర్యాంకులు చదివేవాళ్ళు. పదోతరగతిలో మంచి మార్కులొచ్చిన పిల్లల్ని ఫీజు తగ్గించి మరీ చేర్చుకుంటే ర్యాంకులు రాక ఏమొస్తాయి? అదే పిల్లాడు ఇంకోచోట చదివుంటే ఎంతొచ్చేది? కనపడని ఆ రెండో అంకెని పట్టుకోవడానికే ఈ తంటాలన్నీ.

పట్టుకోవడం ఎలా అంటే, క్లాసులో అందరూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకి 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండుచోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళలో పెంపుకి ముందూ తర్వాతా వాకబు చేసి, న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదని 1994లో రాశారు. వేతనం పెంచకపోయుంటే న్యూజెర్సీలోనూ పెన్సిల్వేనియాలాగే జరిగేదని వాళ్ళ ఊహ. ఆ ఊహ తప్పితే లెక్కంతా తప్పే. 2000లో మరో ఇద్దరు జీతాల రికార్డులు పెట్టి చూసి, కాదు, తగ్గాయన్నారు. ఇలాంటి పనికే కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది.

ఇది చదువుతుంటే నాకు సిగ్గేసింది. రెండేళ్ళ క్రితం, మా టీం చేసిన ఫీచర్ వాడినవాళ్ళు ఎక్కువ కొంటున్నారని ఆఫీసులో నేనే గ్రాఫు గీసి చూపించా. చప్పట్లు కొట్టారు, అప్రైజలూ బానే జరిగింది. అసలు ఎక్కువ కొనేవాళ్ళే ఆ ఫీచర్ దాకా వస్తారేమో అన్న అనుమానం ఆ గదిలో ఒక్కరికీ రాలేదు. ఆ గ్రాఫు చూసే వేరే టీంవాళ్ళు ఏడాదిగా చేస్తున్న పని ఆపేశారు. వాళ్ళలో ఇద్దరితో ఇప్పటికీ రోజూ టీ తాగుతాను. ఇంకా చెప్పలేదు.

అందుకే నా మట్టుకు నాకు అనిపించేదేంటంటే, రేపు ఎవరు కొంటారో ఊహించడానికి మెషిన్ లెర్నింగ్ చాలు. మనం ఫలానాది చేస్తే ఏమవుతుంది అన్నదానికి మాత్రం చాలదు. మనుషుల ఉద్యోగాలు, జీతాలు తేలేది ఈ రెండో ప్రశ్న దగ్గరే. డేటాతో బతికేవాళ్ళు ఒక్కసారైనా ఈ సబ్జెక్టు చేత మొట్టికాయలు తినాలి.

జీతం పెరుగుతుందా అంటారా? ఈ కోర్సు చేసినవాళ్ళకి జీతాలెక్కువని ఎవరైనా చెప్తే, ఎక్కువ జీతాలున్నవాళ్ళే ఇందులో చేరుతున్నారేమో ముందు కనుక్కోండి :)