38 అంటే 38 కాదు

బ్యాటరీ షాపుకి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న “ఏ కారు సార్?” అని. ఆ వెంటనే రేటు చెప్పేస్తారు. కానీ ఒకే మోడల్ కారుకి పెట్రోల్‌లో ఒక బ్యాటరీ, డీజిల్‌లో ఇంకో బ్యాటరీ ఉంటాయి. అందుకే షాపుకి వెళ్లే ముందు బానెట్ తెరిచి, పాత బ్యాటరీ మీదున్న కోడ్‌ని ఫొటో తీసుకోండి. సెకండ్ హ్యాండ్ కారైతే మాన్యువల్‌తో కూడా పోల్చండి. పాత ఓనరు ఏది దొరికితే అది వేయించి ఉండొచ్చు.

చిన్న పెట్రోల్ కార్లలో తరచూ కనిపించే కోడ్ 38బి20ఎల్. 38 చూసి 38 ఆంపియర్ అవర్లు అనుకుంటారు చాలామంది. కాదు, అది జపాన్ పద్ధతిలో పనితీరుకి ఇచ్చే ర్యాంకు. ఆ బ్యాటరీ కెపాసిటీ మామూలుగా 35 ఆంపియర్ అవర్లు. ‘బి’ అనేది వెడల్పు, ఎత్తులకి గుర్తు. 20 అంటే పొడవు, సుమారు 20 సెంటీమీటర్లు. చివర ఎల్ ఉందా, ఆర్ ఉందా అన్నదాన్ని బట్టి ప్లస్ టెర్మినల్ ఏ పక్కనో తెలుస్తుంది. ఈ ఒక్క అక్షరం మారితే కేబుల్ అందదు. బలవంతంగా లాగి ప్లస్‌కి మైనస్ బిగించారా, ఫ్యూజులతో మొదలై ఈసీయూ దాకా పోవచ్చు.

మా బాబాయి కారు సిగ్నల్ దగ్గర తనే ఆగిపోయి, క్లచ్ నొక్కగానే స్టార్టయ్యే రకం. బ్యాటరీ మార్చాల్సి వస్తే నేనే తీసుకెళ్లా. “సైజు ఒకటే అన్నా, రెండు వేలు తక్కువ” అంటూ షాపతను మామూలు బ్యాటరీ తీశాడు. పాతదాని మీదేమో ఈఎఫ్‌బీ అని ఉంది. మామూలు బ్యాటరీ ఒకసారి గట్టిగా కరెంటిచ్చి, తర్వాత నిండుగా చార్జయ్యేలా తయారైంది. సిగ్నల్ సిగ్నల్‌కీ ఇంజిన్‌ని లేపమంటే తొందరగా చచ్చిపోతుంది. “ఈఎఫ్‌బీ లేదా?” అంటే “సాయంత్రానికి తెప్పిస్తా” అన్నాడు. సాయంత్రం దాకా ఆగాం. ఏజీఎం అని రాసున్న కార్లకైతే ఏజీఎమ్మే వేయించాలి.

సీసీఏ ఎక్కువుందని ఎక్కువ డబ్బు పెట్టకండి. దాన్ని కొలిచేది మైనస్ 18 డిగ్రీల దగ్గర. రామగుండంలో, రెంటచింతలలో ఆ చలి ఎక్కడిది? మన దగ్గర బ్యాటరీని తినేది ఎండ. షాపులో ఊరికే పడున్నా చార్జ్ దిగిపోతూనే ఉంటుంది, వేడిలో ఇంకా వేగంగా. తయారై మూడు నెలలు దాటినదైతే వేరేది అడగండి.

అన్నట్టు, బ్యాటరీ నిజంగానే పోయిందా? రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టులుంటే అది నిండుగా ఉన్నట్టే, 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తుండగా చాలా కార్లలో 14 దరిదాపుల్లో చూపించాలి. ఎప్పుడు చూసినా 12 పైచిల్లరే చూపిస్తుంటే ముందు ఆల్టర్నేటర్ చూపించండి. లేకపోతే కొత్త బ్యాటరీ కూడా వారంలో పడుకుంటుంది.

ఇక వారంటీ. డబ్బా మీద 48 నెలలు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. చాలావాటిలో ఉచితంగా మార్చేది అందులో సగమే, మిగతా సగంలో ఇచ్చేది డిస్కౌంటు మాత్రమే. బిల్లు మీద సీరియల్ నంబరు, కొన్న తేదీ రాయించుకుని అక్కడే ఫొటో తీసుకోండి. ఆ థర్మల్ కాగితం మీద అక్షరాలు ఏడాదికే మాయమవుతాయి.