చెమట సీమది... సంతకం ఎవరిది?

పొద్దున ఆరు గంటలకు తడ దగ్గర జాతీయ రహదారి మీద నిలబడి చూడండి. ఒకపక్క పులికాట్ నీళ్లు. ఇంకోపక్క శ్రీసిటీకి పోయే కంపెనీ బస్సులు. కిటికీలకు తల ఆనించి కునికిపాట్లు పడుతున్న సూళ్లూరుపేట, సత్యవేడు, వరదయ్యపాళెం పిల్లలు. మెడలో గుర్తింపు కార్డు, ఒళ్లో సద్దిడబ్బా. ఐటీఐ కావచ్చు, డిగ్రీ కావచ్చు, బీటెక్ కావచ్చు. చదువు ఏదైనా ఎక్కే బస్సు అదే.

ఆ పిల్లల చేతిలో ఫోన్లలోనే ఇంకో లోకం ఉంది. 'అసోసియేట్ డైరెక్టర్ కావలెను' అనే ప్రకటనలు. మందుల కంపెనీ, బ్యాంకు, సాఫ్ట్‌వేర్, వాహనాల తయారీ... పరిశ్రమ ఏదైనా కానీ, పనిచేసే చోటు దగ్గర మాత్రం హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, గురుగ్రామ్. ఆ వరుసలో తిరుపతి పేరు ఎన్నిసార్లు చూశారు? సత్యవేడు పేరు ఒక్కసారైనా చూశారా?

అసోసియేట్ డైరెక్టర్ అంటే ఎవరు? మేనేజర్‌కు పైన, డైరెక్టర్‌కు కింద ఉండే మనిషి. ఎవరిని తీసుకోవాలి, ఎవరికి ప్రమోషన్ ఇవ్వాలి, సరుకు ఎవరి దగ్గర కొనాలి అనే ఫైళ్లు కదిలేది ఆ మెట్టు మీదే. అంటే అది ఒక్క ఉద్యోగం కాదు, పది ఉద్యోగాలను పుట్టించే కుర్చీ. ఆ కుర్చీ ఎక్కడుంటే బడి, ఆసుపత్రి, ఇళ్లు, వ్యాపారం అక్కడ పెరుగుతాయి. మన దగ్గర పెరుగుతున్నవి బస్సులు!

శ్రీసిటీ 2008లో మొదలైంది. అక్కడ చాక్లెట్లు తయారుచేసే మాండెలేజ్ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉంది. ఏసీలు తయారుచేసే బ్లూస్టార్‌ది ముంబై, డైకిన్‌ది గురుగ్రామ్. ఇసుజు వాహనాల కంపెనీది చెన్నై. ఆ కంపెనీల మీద మాకు పగ లేదు. వ్యాపారి తనకు అనువైన చోట కూర్చుంటాడు. మేం నిలదీసేది పాలకులను. భూమి, నీళ్లు, కరెంటు, రాయితీలు ఇచ్చేటప్పుడు 'మీ ఆఫీసులో ఒక్క విభాగమైనా ఇక్కడ పెట్టండి' అని అడగడానికి మీకు నోరెందుకు రాలేదు?

2019లో రాష్ట్ర శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేసింది. చప్పట్లు కొట్టాం. కానీ ఆ లెక్క తలలది, కుర్చీలది కాదు. హెల్పర్లు, ఆపరేటర్లతోనే శాతం నిండిపోతే పై అంతస్తు సంగతి అడిగేదెవరు? హర్యానా అయితే తన 75 శాతం చట్టాన్ని నెలకు 30 వేల రూపాయల లోపు జీతాలకే పరిమితం చేసింది. దాన్ని కూడా 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కోటా ఒక్కదాన్నే నమ్ముకుంటే గతి ఇదీ!

సర్కారు కొలువుల్లో మాత్రం మనకేం ఒరిగింది? 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు జిల్లా, జోనల్ పోస్టుల్లో స్థానికులకు వాటా ఇచ్చింది. సచివాలయాన్ని, శాఖాధిపతుల కార్యాలయాలను మాత్రం తన పరిధి నుంచి తప్పించింది. గుమస్తా దాకా స్థానికత, పెద్ద ఆఫీసు గడప దగ్గర దానికి సెలవు!

తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా కేంద్రాన్నే చూడండి. నారాయణి, ధరణి వేరుశనగ రకాలు పుట్టింది అక్కడే. దానికి పెద్ద అసోసియేట్ డైరెక్టర్. ఆయన పైనున్న పరిశోధనా డైరెక్టర్ కూర్చునేది గుంటూరు దగ్గర లాంలో. ఉమ్మడి రాష్ట్రంలో రాజేంద్రనగర్‌లో ఉన్న ఆ కుర్చీ, 2014 విభజన తర్వాత కోస్తాకు పోయింది. సీమ వైపు మాత్రం రాలేదు. వేరుశనగ పండించేది సీమ, దాని మీద ఆఖరి మాట లాంది.

ఉన్నవి కూడా నిలవలేదు. సప్తగిరి గ్రామీణ బ్యాంకు ప్రధాన కార్యాలయం చిత్తూరులో ఉండేది. ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకుది కడపలో. 2025 మే 1న రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులను కలిపేసి ప్రధాన కార్యాలయం అమరావతిలో పెట్టారు. ఒక్కరోజులో సీమకు రెండు ప్రధాన కార్యాలయాలు పోయాయి. శాఖలు ఎక్కడివక్కడే ఉన్నాయి, డిపాజిట్లు మనవే. పోయింది సంతకం. 1937 శ్రీబాగ్ ఒప్పందం ఏమైందో, 1956లో కర్నూలు రాజధాని ఎటు పోయిందో తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు.

'కింది కొలువులకే దిక్కు లేదు, డైరెక్టర్ కుర్చీలా? ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట' అని కొందరు ఎగతాళి చేస్తారు. పై కుర్చీకి పదిహేనేళ్ల అనుభవం కావాలని ఇంకొందరి హితబోధ. నిజమే, అనుభవం కావాలి. కాంట్రాక్టు మీద ఏడాదికోసారి తీసి, మళ్లీ పెట్టే బిడ్డకు పదిహేనేళ్ల అనుభవం ఏ చెట్టుకు కాస్తుంది? మొదటి మెట్టు విరగ్గొట్టి, పైకి ఎక్కలేదని నింద వేయడం ఏ న్యాయం? తిరుపతిలో 1954 నుంచి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. 2015 నుంచి ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. చదువు ఇక్కడే దొరుకుతోంది. ఆ చదువుకు తగ్గ కుర్చీ కోసం మాత్రం రైలెక్కాలి.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. ఇన్నాళ్లూ మన గోడరాతల్లో, వినతిపత్రాల్లో అడిగింది 'ఉద్యోగాలు' అని మాత్రమే. ఏ మెట్టు ఉద్యోగాలో అడగలేదు. ఇక అడుగుదాం.

రాయితీలు పొందిన ప్రతి పరిశ్రమా ఏ స్థాయిలో స్థానికులు ఎందరున్నారో ఏటా బయటపెట్టాలి. ఇక్కడ చేరిన బిడ్డ ఇంజినీరుగా, మేనేజర్‌గా ఎదిగే దారిని కాగితం మీద రాసివ్వాలి. గ్రామీణ బ్యాంకు ప్రధాన కార్యాలయం సీమకు తిరిగి రావాలి.

రాష్ట్రం అడిగేది జెండా ఎగరేసుకోవడానికి కాదు, ఫైలు మీద సంతకం మన గడ్డ మీద పడాలని. విద్యార్థుల్లారా, ఉద్యోగుల్లారా, రేపు మీ ఊరికి ఓట్లడిగే నాయకుడు వస్తే ఎన్ని ఉద్యోగాలు తెచ్చావని అడిగి ఊరుకోవద్దు. ఎన్ని కుర్చీలు తెచ్చావని అడగండి. జవాబు చెప్పేదాకా దారి వదలొద్దు!