చెల్లని నాణెం విలువ

“పాత పెట్టెలో దొరికిన విదేశీ నాణెం విలువ మన రూపాయలలో ఎంత?” ఈ ప్రశ్న పైకి ఒక్కటే అయినా, అందులో నాలుగు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. కొత్త ద్రవ్యంలో ఆ నాణెం ఎంతకు సమానం? దానిని ముద్రించిన దేశం నేడు దానిని పుచ్చుకుంటుందా? అందులోని లోహం ఖరీదెంత? దానిని కోరి కొనేవారున్నారా? ఈ నాలుగింటినీ కలగాపులగం చేయడం వల్లనే కొందరు వెండిని పాతసామాను ధరకు తూచి ఇస్తున్నారు. మరికొందరు చిల్లిగవ్వ చేయని బిళ్లకు లక్షలు వస్తాయని నమ్మి, చేతిలో ఉన్నది పోగొట్టుకొంటున్నారు.

మన ఇళ్లలో తరచు కనిపించేవి బ్రిటిష్ నాణేలు గనుక వాటితోనే మొదలుపెడదాం. 1971 ఫిబ్రవరి 15కు పూర్వం పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. వెరసి పౌండుకు 240 పెన్నీలు. ఆనాడు పౌండు మారలేదు. దానిని 240 భాగాలకు బదులు 100 భాగాలుగా విభజించారు. మన పెద్దలకు ఇటువంటి మార్పు అంతకు ముందే అనుభవం. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చినప్పుడు, పావలా సరిగ్గా 25 పైసలయింది. కాని అణాకు ఆరుంపావు, బేడకు పన్నెండున్నర రావలసి ఉండగా, వాటికి 6, 12 పైసలనే లెక్కకట్టారు.

బ్రిటిష్ లెక్కకు సూత్రం సులభం. పాత మొత్తాన్నంతా పెన్నీలలోకి మార్చి, 5 చేత గుణించి, 12 చేత భాగిస్తే కొత్త పెన్నీలు వస్తాయి. హాఫ్ క్రౌన్ అంటే రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు, అనగా 30 పెన్నీలు. కొత్త లెక్కలో పన్నెండున్నర. షిల్లింగుకు 5, ఫ్లోరిన్‌కు 10. గినీ అంటే 21 షిల్లింగులు, కాబట్టి 105.

అయితే ఈ సూత్రం లెక్కను తేలుస్తుంది గాని విలువను తేల్చదు. ఆంగ్ల సాహిత్యాన్ని తెలుగు చేసేవారికి ఈ చిక్కు నిత్యమూ ఎదురవుతుంది. 1843లో వెలువడిన డికెన్స్ ‘క్రిస్మస్ కేరల్’లో గుమాస్తా బాబ్ క్రాచిట్ జీతం వారానికి 15 షిల్లింగులు. సూత్రం ప్రకారం అది 75 కొత్త పెన్నీలు. నేటి మారకంలో నూరు రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఆ జీతంతో అతడు భార్యనూ ఆరుగురు బిడ్డలనూ పోషించాడు. అనువాదకుడు షిల్లింగును రూపాయలలోకి మారిస్తే ఆ కుటుంబపు పేదరికం హాస్యాస్పదమవుతుంది. అందుకే షిల్లింగును షిల్లింగుగానే ఉంచి, దానితో ఏమి కొనగలిగేవారో సందర్భాన్నిబట్టి తెలియనివ్వడం మేలు.

ఇక రెండవ ప్రశ్న. హాఫ్ క్రౌన్ 1969 చివరితోనే చెల్లకుండా పోయింది. ఆరు పెన్నీల బిళ్ల మాత్రం రెండున్నర కొత్త పెన్నీలుగా 1980 జూన్ దాకా చలామణిలో ఉన్నది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన పాత నోట్లకు ఎన్నేళ్లకైనా ముఖవిలువ చెల్లిస్తుంది; నాణేలకు ఆ హామీ లేదు. ఈ విషయంలో దేశదేశానికీ పద్ధతి వేరు. ఒక యూరోకు 1.95583 మార్కుల చొప్పున జర్మనీ కేంద్రబ్యాంకు పాత మార్కు నోట్లనూ నాణేలనూ గడువు లేకుండా మార్చి ఇస్తుంది. ఫ్రాన్సులో ఫ్రాంకు నాణేలకు 2005తోనూ, నోట్లకు 2012తోనూ గడువు తీరిపోయింది.

గడువు తీరినంత మాత్రాన నాణెం విలువ తీరిపోదు. ఇక్కడే మూడవ ప్రశ్న అవసరమవుతుంది. బ్రిటిష్ వెండి నాణేలలో 1919 వరకు నూటికి 92.5 పాళ్లు వెండి. 1920 నుంచి 1946 దాకా సగం. 1947 నుంచి వెండి లేదు, రాగి-నికెల్ మిశ్రమమే. యుద్ధకాలంలో అమెరికా నుంచి అరువు తెచ్చుకొన్న వెండిని తిరిగి ఇవ్వవలసి రావడం ఈ మార్పుకు ముఖ్యకారణం. 1946 నాణెంమీదా 1948 నాణెంమీదా ఉన్నది ఒకే జార్జి రాజు బొమ్మ, పరిమాణమూ ఒకటే. అయస్కాంతం రెండింటినీ ఆకర్షించదు. తేడా చెప్పేది సంవత్సరం ఒక్కటే.

నాకు తెలిసిన ఒక ఇంట, ఓడ ఉద్యోగం చేసిన తాతగారి డబ్బాలో ఏడు హాఫ్ క్రౌన్లు మిగిలాయి. అన్నీ 1930 దశకానివే. “చెల్లని డబ్బు, తూకానికి తీసుకొంటాను” అన్నాడట పాతసామాను వ్యాపారి. ఆ ఇంటి ఇల్లాలు బేరం ఆపి, నాణేలను కంసాలి త్రాసులో తూయించింది. ఒక్కొక్కటి పద్నాలుగు గ్రాములకు కొంచెం పైగా ఉన్నది. అందులో సగం వెండి. ముఖవిలువ చూస్తే ఏడింటికీ కలిపి 87½ పెన్నీలు, పౌండుకు కూడా తక్కువ. వెండి చూస్తే దాదాపు 49 గ్రాములు! కలిపిన ఇతర లోహాలను తీసివేయడానికయ్యే ఖర్చు మినహాయించినా, ఈ రెండు విలువలకూ పోలికే లేదు. మార్చి ఇచ్చే దేశాల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరమే. 1974 వరకు ముద్రించిన జర్మన్ 5 మార్కుల నాణేనికి కేంద్రబ్యాంకు ఇచ్చేది 2.56 యూరోలు, కాని అందులో 7 గ్రాముల వెండి ఉన్నది.

నాలుగవది సేకర్తల ధర. అది వయస్సునుబట్టి గాక అరుదునుబట్టీ, నాణెం స్థితినిబట్టీ ఉంటుంది. కోట్ల సంఖ్యలో ముద్రించిన పెన్నీ నూరేళ్లదైనా అరుదు కాదు. చింతపండుతో తోమి మెరిపిస్తే ఉన్న ధర కూడా తగ్గుతుంది. నూరేళ్లు నిండిన నాణేలు మన 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి గనుక, విదేశాలకు పంపదలచినవారు ముందుగా నిబంధనలు విచారించుకోవాలి.

పాత నాణేలకు లక్షలిస్తామనీ, ముందు రుసుమో పన్నో కట్టమనీ రిజర్వు బ్యాంకు పేరు చెప్పి అడిగేవారిని నమ్మవద్దు. తాను అటువంటి వ్యవహారాలు జరపననీ, వాటికి రుసుములు వసూలు చేయననీ ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. నిజంగా కొనేవాడు మీకు డబ్బిస్తాడు గాని మిమ్మల్ని డబ్బడగడు. కాబట్టి ముందు నాణెంమీది సంవత్సరం చదవండి, తూకం వేయించండి, ఇద్దరు ముగ్గురిని ధర అడగండి. అమ్మడమా, దాచుకోవడమా అన్నది ఆ తరువాత నిర్ణయించుకోవచ్చు.