ఎర్రబుట్ట తర్వాత ఎక్కడికి?

ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైనప్పుడు పట్టణాల్లో ఇంటికి మూడేసి బుట్టలు పంచారు. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైనదానికి ఎరుపు. ఆ తర్వాత రాజకీయమంతా చెత్త పన్ను చుట్టూ తిరిగింది. చివరికి పన్ను పోయింది. ఎర్రబుట్టలో వేసింది ఎక్కడికి చేరాలన్న సంగతి మాత్రం పెద్దగా చర్చకే రాలేదు.

కాగితం మీద లోటేమీ లేదు. గడువు తీరిన మందులు, వాడిన సూదులు, ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు విడిగా ఇవ్వాలని, వాటికోసం ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. మీ ఊళ్లో అదెక్కడుందో చెప్పగలరా? 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే కొత్త నిబంధనలు ప్యాడ్లు, డైపర్లకు వేరే బుట్ట కలిపి లెక్కను నాలుగు చేశాయి.

బుట్టలు పెంచితే తీరే చిక్కు కాదిది. కూరగాయల తొక్కలు రోజూ వస్తాయి. ట్యూబ్‌లైటు ఎప్పుడో గాని పోదు. రోజూ వచ్చే చెత్త ఆటో ఇలాంటి చెత్తకు సరైన ఏర్పాటు కాదు. అటక మీద కొన్నాళ్లుంచి, విసుగొచ్చి ఓ పండగ ముందు అన్నీ కలిపి పారేస్తాం. ఆ సంచిలోని ఇన్సులిన్ సూది పారిశుధ్య కార్మికురాలి చేతిలో దిగితే హెపటైటిస్ దాకా పోవచ్చు. ఫోన్ బ్యాటరీ చెత్త లారీలో నలిగితే మంట లేస్తుంది. మందుల్ని సింకులో పోయడమూ మేలేం కాదు. నీళ్లలో యాంటీబయాటిక్స్ కలిస్తే వాటికి లొంగని బ్యాక్టీరియా పెరుగుతుందని హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు చూసింది. అక్కడ మందుల కంపెనీలు కలిపినదానితో మన సింకుకు మోతాదులో పోలిక లేదు, దారి మాత్రం ఒకటే.

కొన్నచోటే తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. మందులు మెడికల్ షాపులో, బల్బులు ఎలక్ట్రికల్ షాపులో, పురుగుమందు డబ్బాలు ఎరువుల దుకాణంలో. వాడని మందుల్ని సేకరించి దహన కేంద్రానికి పంపే పనిని కేరళ 2025లో కోజికోడ్‌లో ‘ఎన్‌ప్రౌడ్’ పేరుతో మొదలుపెట్టింది. ఈ బరువు మామీదెందుకని మన దుకాణదారులు అడుగుతారు, అడగాలి కూడా. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యతను 2022 నిబంధనలు తయారీదారులపైనే పెట్టాయి. మందుల కంపెనీలనూ అలాగే కట్టడి చేసి, దుకాణం దగ్గర పెట్టె ఖర్చు, రవాణా ఖర్చు వాళ్లతోనే పెట్టించాలి. మునిసిపాలిటీ పని ఆ పెట్టెలు నిండుతున్నాయా, సరైన చోటికి చేరుతున్నాయా అని చూడటం.

అందాకా మనం చేయగలిగింది కొద్దిగానే ఉంది. సూదులు మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, పైన ‘సూదులు’ అని పెద్దక్షరాలతో రాసి, ఆటో దగ్గర కార్మికురాలికి నోటితో కూడా చెప్పి ఇవ్వడం అందులో మొదటిది.