పేరులు రెండు, కావలి యొక్కటి

మదనపల్లె టమాటా మండీ లెక్కలు, పుంగనూరు దుకాణముల చిట్టాలు, కుప్పము ద్రావిడ విశ్వవిద్యాలయ విద్యార్థుల వ్యాసములు నేడు కంప్యూటరులలో నున్నవి. వానికి కావలిగా యాంటీవైరస్ నుంచుకొనుచున్నాము. ఆ కావలివాని యజమాని యెవ్వడని యడుగువారు మాత్రము అరుదు.

2016 జూలైలో చెక్ దేశపు అవాస్ట్ కంపెనీ, ఆ గడ్డమీదనే పుట్టిన ఏవీజీని 130 కోట్ల డాలర్లకు కొనుచున్నట్లు ప్రకటించెను. ఆ సంవత్సరమే బేరము ముగిసెను. పిమ్మట వైరస్‌ను పసిగట్టు ఇంజను నొక్కటిగా చేసి, పేరులను మాత్రము రెండుగనే యుంచిరి. పుంగనూరు ఆవు నొకదానిని ఉదయము ఎఱ్ఱతాటితోను, సాయంకాలము నల్లతాటితోను నిలిపి, రెండావులని బేరమాడువానిని మన మేమందుము?

ఇంజనులను కలుపుట నేరమని మేమనము. రెండు కంపెనీలకు చిక్కిన వైరస్ నమూనాలు ఒక్కచోట చేరిన రక్షణ పెరుగవచ్చును. కలయికను బహిరంగముగనే ప్రకటించితిమని కంపెనీ యనవచ్చును. కాని పత్రికలకిచ్చిన ప్రకటన వేఱు, కొనువాని కంటి యెదుట నుండు మాట వేఱు. ఒకదానిపై నమ్మకము చెడి రెండవదానిని కొనువాడు, విడిచిన యింటికే వేఱొక వాకిట ప్రవేశించుచున్నాడు.

ఇది వట్టి యూహ కాదు. 2019 డిసెంబరులో మొజిల్లా సంస్థ అవాస్ట్, ఏవీజీ రెండు పేరుల బ్రౌజరు అనుబంధములను తన అంగడినుండి తొలగించెను. వాడుకరులు చూచిన వెబ్ పుటల చరిత్రను అవాస్ట్ తన అనుబంధ కంపెనీ జంప్‌షాట్ ద్వారా విక్రయించినది. 2020 జనవరిలో ఆ వ్యాపారమును మూసిరి. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇందులకై 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లింపుమనెను. కావలివాడే మన రాకపోకలను సంతలో నమ్ముకొనిన, దొంగ యెవ్వడు?

2022 సెప్టెంబరులో నార్టన్ కంపెనీ అవాస్ట్‌ను తనలో కలుపుకొనెను. అవీరా అంతకు ముందే దాని చేతికి వచ్చియుండెను. నేడీ నాలుగు పేరులకును జెన్ డిజిటల్ ఒక్కటే యజమాని. మైక్రోసాఫ్ట్ మొదలగువారి పోటీ చాలునని బ్రిటిషు విచారణ సంఘము ఈ కలయికకు సమ్మతించెను. పోటీ యుండవచ్చును, ఎఱుక యేది?

యజమాని యెవరు? లోపలి ఇంజనెవరిది? మన సమాచార మెచ్చటికి పోవును? ఈ మూడును ప్రతి పెట్టెమీదను తెలుగున నుండవలెను. సమ్మతి కోరు నోటీసును ఎనిమిదవ షెడ్యూలు భాషలలో చదువు వీలు కల్పింపవలెనని 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. తెలుగు ఆ షెడ్యూలులోనిదే. ఇది యాచన కాదు, హక్కు. పఠనమందిరమునకుగాని, అంగడికిగాని యాంటీవైరస్ కొనువారు ఈ మూడు ప్రశ్నలు నడుగుడు. సమాధానము రాని పెట్టెను తిరిగి యిచ్చివేయుడు.